పోలండ్‌లో పచ్చ చెక్క మసీదు ఉన్న ఊరు క్రుషిన్యానీ: అక్కడికి ముస్లింలు ఎలా వచ్చారు, ఊరు ఎలా ఉంటుంది, వెళ్ళాలంటే ఏం చూసుకోవాలి

మీరు అడిగింది ఇది కదా: వార్సాలో చదువుతున్నారు, బెలారస్ బోర్డర్ పక్కన క్రుషిన్యానీ అనే చిన్న ఊళ్ళో పచ్చ రంగు చెక్క మసీదు ఫోటో చూశారు, మూడొందల ఏళ్ళ కిందటే ముస్లింలు ఆ మారుమూలకి ఎలా వచ్చారు, యుద్ధంలో పట్టుబడ్డ ఖైదీలా, వలస వచ్చినవాళ్ళా, ఇప్పుడు ఊళ్ళో ఎవరున్నారు, ఒక్కరోజులో చూసి రావచ్చా అని. నేను బియావిస్తోక్‌లో (పోలండ్ ఈశాన్యాన ఉన్న నగరం) చాలా ఏళ్ళుగా ఉంటున్నాను, ఈ తూర్పు వైపు ఊళ్ళు తిరగడం, మనవాళ్ళు ఎవరైనా వస్తే తీసుకెళ్ళి చూపించడం నాకు బాగా ఇష్టమైన పని, అందుకే కొంచెం పెద్దగానే రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు సూటిగా జవాబు. ఈ ఊరు కట్టుకున్న ముస్లింలు ఖైదీలు కాదు, వలస కూలీలూ కాదు. వాళ్ళు తాతార్లు, అప్పటి పోలండ్-లిథువేనియా రాజ్యం సొంత సైన్యంలో గుర్రపు దళాల వాళ్ళు. ఖజానా ఖాళీ అయ్యి జీతాలు ఇవ్వలేకపోయిన రాజు యాన్ సోబియెస్కి, 1679లో బకాయి డబ్బుకి బదులు వాళ్ళకి భూములు రాసిచ్చాడు. ఆ భూముల్లో ఒకటే క్రుషిన్యానీ. ఇక ఒక్కరోజు సంగతి అంటే, బియావిస్తోక్ నుంచి కారులో అయితే హాయిగా అవుతుంది, వార్సా నుంచి పొద్దున్నే బయల్దేరి రాత్రికి తిరిగెళ్ళడం కూడా కుదురుతుంది కానీ హడావిడిగా ఉంటుంది. నన్నడిగితే ఒక రాత్రి బియావిస్తోక్‌లో పడుకోండి.

ఇప్పుడు అసలు కథ. తాతార్లు ఈ రాజ్యానికి 1679లో కొత్తగా వచ్చినవాళ్ళు కాదు. 14వ శతాబ్దం చివర్లోనే లిథువేనియా మహారాజు విటోల్డ్ వాళ్ళని విల్నో (ఇప్పటి లిథువేనియా రాజధాని విల్నియస్), గ్రోద్నో (ఇప్పుడు బెలారస్‌లో ఉంది) చుట్టుపక్కల స్థిరపరిచాడు, భూమి ఇస్తాను, పిలిచినప్పుడు గుర్రం ఆయుధం తెచ్చుకుని యుద్ధానికి రావాలి, అంతే షరతు. 1410లో ట్యుటోనిక్ నైట్స్ (జర్మన్ క్రైస్తవ యోధుల సంఘం) మీద గ్రున్వాల్డ్ యుద్ధం జరిగినప్పుడు కూడా తాతార్ గుర్రాలు ఈ వైపే ఉన్నాయి. తరాలు గడిచేసరికి వాళ్ళ పాత టర్కిక్ భాష పోయింది, ఇంట్లో బెలారసియన్, పోలిష్ మాట్లాడుకునేవాళ్ళు, పేర్ల చివర పోలిష్ వాళ్ళలాగే స్కీ, విచ్ వచ్చి చేరాయి. కానీ మతం మాత్రం పోలేదు. మతం విషయాలు రాసుకున్న చేతిరాత పుస్తకాలు చూస్తే లిపి అరబిక్, లోపల భాష బెలారసియన్ లేదా పోలిష్. అలాంటి పుస్తకాన్ని కితాబ్ అంటారు, కొన్ని ఇప్పటికీ మ్యూజియంలలో ఉన్నాయి, వీలైతే చూడండి.

1660ల నాటికి పరిస్థితి బాగా చెడింది. కొసాక్కులతో (ఉక్రెయిన్ వైపు యోధులు), స్వీడన్‌తో, మాస్కోతో వరసగా యుద్ధాలు చేసి చేసి రాజ్యం చితికిపోయింది. సైనికులకి జీతాలు ఏళ్ళ తరబడి పెండింగ్. దానికి తోడు మసీదుల మీద, వాళ్ళ పాత హక్కుల మీద ఆంక్షలు మొదలయ్యాయి. 1672లో ఒట్టోమన్ (టర్కీ) సుల్తాన్ సైన్యం పొదోలియా మీదకి వచ్చినప్పుడు (పొదోలియా అంటే ఇప్పటి ఉక్రెయిన్‌లో పడమటి భాగం) అక్కడ కాపలా ఉన్న తాతార్ దళాలు చాలావరకు తిరగబడి సుల్తాన్ వైపు వెళ్ళిపోయాయి. దీన్ని మతం కోసం చేసిన తిరుగుబాటు అని కొంతమంది రాస్తారు. అది సగం నిజమే. జీతం సరిగ్గా వచ్చి, మసీదు జోలికి ఎవరూ రాకుండా ఉంటే వాళ్ళు కదిలేవాళ్ళు కాదని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ తర్వాత కొన్నేళ్ళకే వాళ్ళలో చాలామంది మళ్ళీ వెనక్కి వచ్చేశారు. ఒట్టోమన్ పాలనలో వాళ్ళు అలవాటుపడ్డ స్వేచ్ఛ దొరకలేదు.

సోబియెస్కి అప్పటికి సేనాపతి, 1674లో రాజయ్యాడు. ఆయనకి తాతార్లు ఎందుకు కావాలో యుద్ధభూమిలో స్వయంగా తెలుసు. గూఢచారి పనికి, శత్రువు వెనక్కి చుట్టి వెళ్ళడానికి, వేగంగా కబురు తేవడానికి వాళ్ళని మించినవాళ్ళు లేరు. అందుకని పాత హక్కులు తిరిగి ఇప్పించాడు, 1679లో గ్రోద్నో దగ్గరున్న రాజు సొంత ఎస్టేట్ నుంచి కొన్ని ఊళ్ళు విడగొట్టి బకాయిల కింద పంచాడు. దళపతి సమూయెల్ ముర్జా క్షెచోవ్‌స్కికి, ఆయన కింద సైనికులకి క్రుషిన్యానీ వచ్చింది. ఉత్తరంగా ఉన్న బోహోనికి ఇంకొందరికి వచ్చింది. మన వైపు చాకిరీకి బదులు ఇనాం భూములు ఇచ్చినట్టే అనుకోండి, సైన్యంలో పనిచేసినంతకాలం భూమి మీది.

ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోండి, ఇది ఎవరూ లేని అడవిలో పుట్టిన ఊరు కాదు. రైతులు అప్పటికే ఉన్నారు, ఎక్కువగా బెలారసియన్ మాట్లాడే క్రైస్తవులు. భూమి చేతులు మారింది, దున్నేవాళ్ళు వాళ్ళే. అందుకే మొదట్నుంచీ క్రుషిన్యానీ రెండు మతాల ఊరు.

నాలుగేళ్ళ తర్వాత, 1683 సెప్టెంబర్‌లో వియన్నా. సోబియెస్కి వెళ్ళి ఒట్టోమన్ ముట్టడి విరగ్గొట్టిన యుద్ధం. అందులో సోబియెస్కి వైపు తాతార్లు ఉన్నారు, సుల్తాన్ వైపు కూడా క్రిమియా తాతార్లు ఉన్నారు, చూడ్డానికి ఒకేలా ఉంటారు కాబట్టి ఇటువైపు వాళ్ళు తలపాగాలో గడ్డిపరక గుచ్చుకున్నారని ఇక్కడ చెబుతారు. ఆ తర్వాత నెలలో పార్కనీ అనే చోట జరిగిన ఇంకో యుద్ధంలో రాజు చావు అంచుల దాకా వెళ్తే క్షెచోవ్‌స్కి కాపాడాడని, అందుకే ఊరిచ్చాడని ఒక కథ. మీకు ఇంటర్నెట్‌లో ఎక్కువ కనిపించేది ఈ కథే. కానీ తేదీలు చూడండి, భూమి 1679లో ఇచ్చేశాడు, పార్కనీ 1683లో. కాబట్టి ప్రాణం కాపాడినందుకు ఊరు ఇవ్వడం అనేది కుదరదు. కాపాడి ఉండొచ్చు, అది వేరే విషయం. నాకైతే ఆ వీరగాథ కంటే జీతం బకాయి పత్రమే గొప్పగా అనిపిస్తుంది. ఒక రాజ్యం తనకి ఎదురుతిరిగిన సైనికుల ఫిర్యాదు న్యాయమైనదే అని ఒప్పుకుని, బాకీ తీర్చి, మతం జోలికి రానని మాటిచ్చి వెనక్కి పిలిచింది, 17వ శతాబ్దం యూరప్‌లో, మతం పేరున ఊళ్ళకి ఊళ్ళు తగలబెట్టుకున్న కాలంలో. పిల్లలకి బడిలో చెప్పాల్సింది ఇదీ.

ఇప్పుడు ఊరు ఎక్కడ ఉందో చూద్దాం, ఎందుకంటే ఈ చరిత్ర నిలబడటానికి సగం కారణం భూగోళమే. మ్యాప్‌లో పోలండ్ ఈశాన్య మూల, పొద్లాసియె రాష్ట్రం, సొకూవ్కా జిల్లా, క్రింకి మండలం అనుకోండి. బియావిస్తోక్ నుంచి తూర్పుగా సుమారు 55 కిలోమీటర్లు. మధ్యలో క్నిషిన్ అడవి, పైన్, స్ప్రూస్ చెట్లతో పెద్ద అడవి. ఊరు దాటి కొన్ని కిలోమీటర్లు వెళ్తే బెలారస్. నేల ఎత్తుపల్లాలుగా ఉంటుంది, మంచుయుగంలో హిమానీనదాలు నెట్టుకొచ్చి వదిలేసిన ఇసుక, గులకరాయి, బండరాళ్ళతో ఏర్పడ్డ దిబ్బలు అవన్నీ. పంటకి గొప్ప నేల కాదు, రై, బంగాళదుంప, పశువులు, అంతే. డబ్బున్న పెద్ద జమీందార్లు ఎగబడి కొనే భూమి కాదు, రైలు మార్గం ఈ ఊరి మీదుగా పోలేదు, ఫ్యాక్టరీలు రాలేదు. పక్కన క్రింకి పట్నంలో తోలు పరిశ్రమ పెరిగింది కానీ క్రుషిన్యానీ పల్లెగానే ఉండిపోయింది. అందుకే చెక్క మసీదుని పడగొట్టి ఇటుకతో పెద్దది కట్టేంత డబ్బు ఎవరి దగ్గరా చేరలేదు, పాతదే రిపేర్లు చేసుకుంటూ వచ్చారు.

నీళ్ళ సంగతి కూడా చెప్పాలి, జాగ్రఫీ ఇష్టమున్నవాళ్ళకి ఇది నచ్చుతుంది. పోలండ్‌లో దాదాపు ఎక్కడ వాన పడ్డా ఆ నీళ్ళు విస్తులా లోకో ఓడ్రా లోకో వెళ్తాయి. ఇక్కడ అలా కాదు. ఊరి దగ్గర పారే చిన్న నది నియెతూపా, అది వెళ్ళి శ్విస్వోచ్ నదిలో కలుస్తుంది, అది బెలారస్‌లోకి పోయి నియెమెన్‌లో కలుస్తుంది, నియెమెన్ లిథువేనియా మీదుగా బాల్టిక్ సముద్రానికి. అంటే ఈ ఊరి నీళ్ళు తూర్పుకి, గ్రోద్నో వైపుకి పోతాయి. పాత రోజుల్లో మనుషుల రాకపోకలు, పెళ్ళి సంబంధాలు, సంతలు కూడా అటువైపే. 1945లో ఆ దారికి అడ్డంగా దేశ సరిహద్దు పడింది, ఆ దెబ్బ ఈ ఊరు ఇప్పటికీ మోస్తోంది.

మసీదు గురించి. మీరు ఫోటోలో చూసింది 1679 నాటిది కాదు, మొదటిది వేరే ఉండేది, ఇప్పుడున్నది 18వ శతాబ్దంలో కట్టింది, 1846లో బాగా మరమ్మత్తులు చేశారు. బయటి నుంచి చూస్తే చాలామంది చర్చి అనుకుంటారు, ముందు రెండు చతురస్రపు బురుజులు, వెనక కప్పు మీద ఇంకో చిన్నది, మూడింటి మీదా నెలవంకలు. చర్చిలా ఉండటానికి కారణం సులువు, కట్టిన వడ్రంగులు ఆ చుట్టుపక్కల వాళ్ళే, వాళ్ళకి వచ్చిన పద్ధతిలో కట్టారు. మొత్తం పైన్ చెక్క, కింద అదే మంచుయుగపు బండరాళ్ళ పునాది. చెప్పులు విప్పి లోపలికి వెళ్తే నేల నిండా రకరకాల తివాచీలు, గోడలకి ఫ్రేములు కట్టిన ఖురాన్ వాక్యాలు, వాటిని ముహిర్ అంటారు, కొన్ని ప్రింటు, కొన్ని గుడ్డ మీద చేత్తో కుట్టినవి. చిన్న గది ఆడవాళ్ళది, పెద్దది మగవాళ్ళది, మధ్య గోడలో సన్నటి అడ్డ సందు, దానికి పల్చటి తెర. అవతలి నుంచి ఇమామ్ గొంతు వినిపిస్తుంది, మనుషులు కనపడరు. శీతాకాలంలో ఆ చెక్క వాసన, తివాచీల వెచ్చదనం కాళ్ళకి తగులుతుంటే బయటికి రాబుద్ధి కాదు.

ఒకసారి పాతబస్తీ నుంచి వచ్చి ఇక్కడ చదువుతున్న ఒక అబ్బాయిని గ్రూపుతో పాటు తీసుకెళ్ళాను. మసీదు చూసే పెద్దాయన అతను ముస్లిం అని తెలియగానే సంతోషంగా పక్కకి తీసుకెళ్ళి నమాజుకి చోటు చూపించాడు. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు, ఆయనకి ఇంగ్లీష్ రాదు, వీడికి పోలిష్ అంతంతమాత్రం, అరబిక్ ఇద్దరికీ ప్రార్థన వరకే. అయినా నమాజు అయ్యాక ఇద్దరూ పది నిమిషాలు చేతులు పట్టుకుని ఏదో మాట్లాడుకుంటూనే ఉన్నారు. మీరు ఏ మతం వాళ్ళైనా మర్యాదగానే చూస్తారు, టికెట్ చిన్న మొత్తం, పోలిష్‌లో చరిత్ర చెబుతారు, పోలిష్ వచ్చిన స్నేహితుడు పక్కనుంటే మంచిది.

మసీదు చూసి వెనక్కి వచ్చేయకండి, శ్మశానం తప్పకుండా చూడండి. దాన్ని మిజార్ అంటారు. మసీదు వెనక కొంచెం నడిస్తే చెట్ల మధ్య దిబ్బ మీద ఉంటుంది. పై భాగంలో పాతవి, 17వ శతాబ్దం చివరి నుంచి ఉన్నాయి. చెక్కిన రాళ్ళు కావు, పొలంలో దొరికిన గుండ్రాళ్ళే, తల వైపు పెద్దది, కాళ్ళ వైపు చిన్నది. నాచు పట్టి ఉంటాయి, కూర్చుని పక్కనుంచి వెలుగు పడేలా చూస్తే అక్షరాలు తేలతాయి. కొన్నిటి మీద ఒకవైపు అరబిక్‌లో కలిమా (ఇస్లాం విశ్వాస వాక్యం), ఇంకోవైపు పేరు, సంవత్సరం. జారు చక్రవర్తి కాలంలోవి రష్యన్ అక్షరాల్లో, తర్వాతవి పోలిష్‌లో. కిందికి వస్తే కొత్త నల్లరాతి సమాధులు, ఫోటోలతో సహా. పోలండ్ పంపకాలు (18వ శతాబ్దం చివర్లో పొరుగు రాజ్యాలు దేశాన్ని పంచుకోవడం), రష్యా పాలన, మళ్ళీ స్వతంత్రం, ఆ మార్పులన్నీ ఆ రాళ్ళ మీద లిపి మారడంలోనే కనిపిస్తాయి. రాళ్ళని బ్రష్‌తో రుద్దడం, నీళ్ళు పోయడం చేయకండి, అక్షరాలు అరిగిపోతున్నాయి.

ఊళ్ళో ఇప్పుడు తాతార్లు ఎంతమంది అంటే, చాలా తక్కువ, కొన్ని కుటుంబాలే. మొత్తం ఊరే నూట యాభై అరవై మంది ఉంటారు, ఎక్కువమంది ఆర్థడాక్స్ క్రైస్తవులు, కొందరు క్యాథలిక్కులు. "ముస్లిం గ్రామం" అని రాసే వీడియోలు చూసి వెళ్ళి నిరాశపడకండి. రెండు ప్రపంచయుద్ధాల మధ్య తాతార్లకి మంచి కాలం, 1925లో సొంత మత సంస్థ ఏర్పడింది, విల్నోలో యాకూబ్ షింకియెవిచ్ ముఫ్తీ (మత పెద్ద) అయ్యాడు, పోలిష్ సైన్యంలో తాతార్ గుర్రపు దళం కూడా ఉండేది. దేశంలో అప్పుడు పదిహేనుకు పైనే మసీదులు ఉండేవి. 1945లో సరిహద్దు పడమటికి జరిగేసరికి విల్నో, గ్రోద్నో వైపు ఉన్నవన్నీ సోవియట్‌లోకి పోయాయి, ఆ పాత చెక్క మసీదుల్లో పోలండ్‌కి మిగిలినవి రెండే రెండు, క్రుషిన్యానీ, బోహోనికి. మనుషులు కూడా చెదిరిపోయారు, చాలామంది బియావిస్తోక్, గ్దాన్స్క్ లాంటి నగరాలకి చేరారు. గ్దాన్స్క్‌లో 1990లో పూర్తయిన మసీదు అలా వెళ్ళినవాళ్ళ చలవే. పెద్ద పండగలకి, ముఖ్యంగా కుర్బాన్ బైరం (మన బక్రీద్) రోజున వాళ్ళంతా ఊరికి వస్తారు, నమాజు అయ్యాక అందరూ కలిసి మిజార్‌కి వెళ్తారు.

2010లో బ్రిటన్ యువరాజు చార్లెస్ (ఇప్పటి రాజు) ఈ ఊరికి వచ్చాడు, 2012లో రెండు మసీదుల్నీ మిజార్లనీ దేశ చారిత్రక స్మారకాలుగా ప్రకటించారు. బాధపడ్డ రోజులు కూడా ఉన్నాయి, 2014 జూన్‌లో ఎవరో రాత్రిపూట వచ్చి మసీదు గోడ మీద పంది బొమ్మ వేసి, సమాధుల మీద రంగు పులిమి వెళ్ళారు. తమ పూర్వీకులు ఈ దేశం కోసం చచ్చిపోయిన ఊళ్ళో అలాంటిది చూడాల్సి రావడం, ఆ విషయం ఇప్పుడు రాస్తున్నా నాకు కోపం వస్తోంది. 2021లో బెలారస్ బోర్డర్ సంక్షోభం వచ్చినప్పుడు (వేలమంది వలసదారులు బెలారస్ వైపు నుంచి దాటాలని చూశారు) సరిహద్దు వెంట ఎమర్జెన్సీ పెట్టారు, బయటివాళ్ళని రానివ్వలేదు, టూరిస్టుల మీద బతికే ఊరు కాబట్టి నెలల తరబడి దెబ్బతింది. అదే సమయంలో బోర్డర్ దాటుతూ చనిపోయిన వలసదారుల్లో కొందరిని బోహోనికి తాతార్లు తమ మిజార్‌లో పద్ధతిగా ఖననం చేశారు. ఎక్కడి నుంచో వచ్చినవాళ్ళు, అయినా నమాజు చదివి, తోటి మనిషిని సాగనంపినట్టు సాగనంపారు. బోహోనికి వెళ్తే ఆ సమాధులు కూడా చూడండి.

తిండి. పియెరెకాచెవ్నిక్ తప్పకుండా తినండి. పిండిని కాగితంలా పల్చగా ఆరు పొరలు సాగదీసి, ఒక్కో పొర మీద వెన్న రాసి, మాంసం కూరి చుట్ట చుట్టి, ఆ చుట్టని మళ్ళీ నత్తగుల్లలా గుండ్రంగా తిప్పి బేక్ చేస్తారు. ముక్క కోస్తే పొరలు పొరలుగా కనిపిస్తాయి. 2009 నుంచి యూరోపియన్ యూనియన్ రక్షణ ఉన్న సంప్రదాయ వంటకం అది. మాంసం తిననివాళ్ళకి పనీర్ లాంటి తెల్ల చీజ్, కిస్‌మిస్ పెట్టిన తీపి రకం ఉంటుంది, ముందే అడగండి. కారం మాత్రం ఆశించకండి.

ఇక ప్రయాణం. వార్సా నుంచి బియావిస్తోక్‌కి రైలు, రెండు రెండున్నర గంటలు. అక్కడ్నుంచి బస్సులు చాలా తక్కువ, వాటిని నమ్ముకుంటే తిరుగు ప్రయాణంలో ఇరుక్కుంటారు, నలుగురు కలిసి కారు అద్దెకి తీసుకోవడం మంచిది. దారి సుప్రాశ్ల్, క్రింకి మీదుగా. సుప్రాశ్ల్‌లో పెద్ద ఆర్థడాక్స్ మఠం ఉంది, క్రింకిలో ఊరి నడిబొడ్డున పార్కు చుట్టూ పన్నెండు వీధులు కలిసే రౌండ్‌అబౌట్ ఉంది, పాత యూదుల ప్రార్థనాలయం శిథిలాలు ఉన్నాయి. క్రింకి దాటాక పొలాల్లో అడవి దున్నల (యూరోపియన్ బైసన్) మందలు కనబడొచ్చు, శీతాకాలంలో ఎక్కువ, కారు దిగి దగ్గరికి వెళ్ళకండి. చీకట్లో రోడ్డు మీద స్పీడు తగ్గించండి, దున్న అడ్డొస్తే కారు నుజ్జే.

పాస్‌పోర్ట్, రెసిడెన్స్ కార్డ్ ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోండి. బోర్డర్ గార్డులు కారు ఆపి చూడటం మామూలే, మన రంగు చూసి ఇంకొంచెం ఎక్కువ ఆపుతారు, ఇది ఉన్నమాట. ఫోన్‌లో ఫోటో చూపిస్తాం అంటే కుదరదు. మర్యాదగా కార్డు ఇచ్చి, క్రుషిన్యానీ మసీదు చూడ్డానికి వెళ్తున్నాం అంటే వదిలేస్తారు. బోర్డర్ దగ్గర కొన్ని చోట్ల ఎప్పటికప్పుడు రాకపోకల ఆంక్షలు పెడుతుంటారు, బయల్దేరే ముందు ఆ వారం నోటీసు చూసుకోండి. కంచె వైపు, గార్డుల వైపు కెమెరా పెట్టకండి. ఫోన్‌లో నెట్‌వర్క్ ఆటోమేటిక్ తీసేసి మీ పోలిష్ నెట్‌వర్క్ సెలెక్ట్ చేసుకోండి, లేకపోతే బెలారస్ టవర్ పట్టుకుని బిల్లు వాచిపోతుంది.

ఎప్పుడు వెళ్ళాలి అంటే మే నుంచి సెప్టెంబర్ వరకు బాగుంటుంది. డిసెంబర్‌లో మధ్యాహ్నం మూడు దాటితే చీకటి పడిపోతుంది, మిజార్ చూడలేరు. ఊరు ఖాళీగా, ప్రశాంతంగా చూడాలంటే మామూలు వారం రోజుల్లో వెళ్ళండి, మనుషుల్ని చూడాలంటే బైరం రోజున, కానీ ఆ రోజు నమాజు టైంలో లోపల ఫోటోలు తీయకండి, బయట నిలబడి అయ్యేదాకా ఆగండి. ఏ రోజు వెళ్తున్నారో చెప్తే మసీదు తెరిచి ఉండే టైమింగ్స్ కనుక్కుని ఇక్కడే రాస్తాను.